మల్లయ్య గొంగడి కింద ముప్పై పిల్లలు

తెలంగాణ వచ్చాక అది మూడో చలికాలం. అచ్చంపేట వైపు ఒక పశువుల దవాఖానలో నేను సహాయకురాలిని. ఒక మధ్యాహ్నం యాదమ్మ ఫోను చేసింది.

"మేడం, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. రెండు దినాలు కరెంటు రాదంట. పిల్లలన్నీ కుప్పవడ్డయి, జర జల్ది రాండ్రి!"

పిల్లలంటే కోడిపిల్లలు. ముందురోజే ముప్పై నాటుకోడి పిల్లలను తెచ్చుకుంది. తనకంటూ మొదలుపెట్టుకున్న మొదటి పని అది. నేనే దగ్గరుండి బ్రూడర్ కట్టించాను. తల్లికోడి లేని పిల్లలకు బల్బుతో వెచ్చదనమిచ్చే గూడన్నమాట. ఈకలు వచ్చేదాకా ఆ వేడి లేకపోతే అవి బతకవు. బల్బు ఆరిపోతే ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. తప్పు నాదే.

నేను వెళ్లేసరికి పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి గోలగోలగా అరుస్తున్నాయి. అడుగున ఉన్నవి నలిగిపోయేలా ఉన్నాయి.

"గివి సస్తే మా మామ మల్ల కోళ్ల పేరు ఎత్తనియ్యడు మేడం," అంది యాదమ్మ. కళ్లనిండా నీళ్లు.

ఆ మామ మల్లయ్య అరుగు మీదే ఉన్నాడు. గొర్లకాపరి. భుజాన నల్ల ఉన్ని గొంగడి. దాని మీద మనవళ్లను కూడా కూర్చోనివ్వడట. "లైటునే అమ్మ అనుకున్నయి. అమ్మ పాయె," అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

యాదమ్మతో నీళ్లు కాగబెట్టించి, పాలక్యానులో పోసి మూత బిగించి, గోనెసంచి చుట్టి పిల్లల మధ్య పెట్టాను. పైన కప్పడానికి దుప్పటి వెతుకుతుంటే, మల్లయ్య గొంగడి తీసి నా చేతిలో పెట్టాడు. "పట్టు బిడ్డా." యాదమ్మ గబుక్కున రెండో అంచు పట్టుకుంది.

కాస్త గాలి కూడా చొరకుండా చుట్టూ బిగించి కప్పాను. కాసేపటికి మళ్లీ అరుపులు. తీసి చూస్తే పిల్లలు క్యానుకు దూరంగా జరిగి, నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి.

"గొర్రెపిల్లకు కప్పినా ముక్కు బయటనే ఉంచుతం. నువ్వు మూట గట్టినవ్!" అంటూ మల్లయ్య ఒక పక్క కట్టె ఆనించి గొంగడి అంచు లేపాడు. చలిగా ఉన్నవి క్యాను దగ్గరికి, ఉక్కపోసినవి అంచు దగ్గరికి వాటంతట అవే సర్దుకున్నాయి. అరుపులు తగ్గి, చిన్నగా కిచకిచలు మిగిలాయి. ఆ చప్పుడు వింటే ప్రాణం లేచొచ్చింది. కుప్పపడితే చలి, దూరం జరిగితే వేడి అని ఊరూరా చెప్పేదాన్ని నేనే. కంగారులో పిల్లలను చూడడమే మరిచాను.

ఇంటిల్లిపాదీ వంతులవారీగా క్యానులో నీళ్లు మార్చారు. ఒక్క పిల్ల కూడా పోలేదు.

మూడోరోజు కరెంటు వచ్చింది. నేను మళ్లీ వెళ్లి బల్బు వెలిగించాను. మల్లయ్య గొంగడి దులిపి భుజాన వేసుకుని బయల్దేరాడు. అంతే, గూటి సందులోంచి పిల్లలన్నీ బిలబిలమంటూ ఆయన వెనకే పరుగు!

"ఓ బిడ్డా, జర వీటిని ఆపు! గొర్లకాడికెట్ల పోవాలె నేను?"

యాదమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఆయన విసుక్కుంటూనే వాకిట్లో కూలబడి గొంగడి పరిచాడు. మనవళ్లకు దొరకని చోట ముప్పై పిల్లలూ దర్జాగా దూరాయి. ఆ రోజు గొర్లు పొద్దెక్కాకే మేతకు పోయాయి.

ఇప్పటికీ ఎవరింట బ్రూడర్ కట్టించినా, బల్బు బిగించే ముందు ఆ ఇంట్లో గొంగడి ఎవరిదని అడుగుతాను.