లోపల ఎవరూ లేరు కదండి?

మాది రేపల్లె. నిరుడు వేసవిలో మా కారులో ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఎంతకీ ఆరకపోతే, తెనాలిలో తెలిసిన మెకానిక్ మస్తాన్ గారి షెడ్డుకు తీసుకెళ్ళాం. ఆ బ్యాగులను నడిపించే మాడ్యూల్ పాడైందని ఆయన కొత్తది బిగించారు. అటునుంచి అటే బాపట్లలో మా చెల్లి ఇంటికి వెళ్ళాలి.

పని అయిపోయిందనుకుని నేను ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను. బయలుదేరే ముందు డ్యాష్‌బోర్డుకు నుదురు ఆనించి ప్రార్థన చేసుకోవడం పుట్టింటి నుంచీ నాకున్న అలవాటు. కళ్ళు మూసుకున్నాను.

ఎత్తిన బానెట్ అడ్డుగా ఉండి మస్తాన్ గారికి నేను కనబడలేదు. "బ్యాటరీ వైరు తగిలిస్తున్నానండి. లోపల ఎవరూ లేరు కదండి?" అని అడిగారు.

మావారు అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతున్నారు. "ఎవరూ లేరు, కానివ్వండి" అన్నారు.

మస్తాన్ గారు ఎందుకో పక్కకొచ్చి తొంగి చూశారు. "అమ్మా, ముందు మీరు దిగండి" అన్నారు. ఆమేన్ కూడా అననివ్వలేదని విసుక్కుంటూ దిగి తలుపు వేశాను.

ఆయన వైరు తగిలించగానే తుపాకీ పేలినట్టు శబ్దం. నా సీటు ముందు డ్యాష్‌బోర్డును చీల్చుకుని తెల్లటి సంచి ఉబ్బి, మెల్లగా వాలిపోయింది. బిగించేటప్పుడు లోపల ఏదో వైరు నలిగిందట.

"ప్రార్థనే కాపాడింది" అని మావారు అందరికీ చెబుతుంటారు. నా తల అక్కడ పెట్టించింది కూడా ఆ ప్రార్థనేనని నేను పైకి అనను. ఇప్పుడు వెనక్కి ఆనుకునే ప్రార్థన చేస్తున్నాను. కళ్ళు మూసుకోగానే మాత్రం మావారి గొంతే వినిపిస్తుంది.

"ఎవరూ లేరు, కానివ్వండి."