చెక్‌పోస్టు అవతల పదేళ్ల వెనక

నందిగామలో మా పాఠకుల గుంపు నెలకోసారి, ఆదివారం పొద్దున, ఒక టిఫిన్ హోటల్ మేడ మీద కూర్చుంటుంది. చదివేది సైన్స్ ఫిక్షనే. నవలైనా, కథైనా, బొమ్మల కథైనా సరే, అందులో గ్రహాలో యంత్రాలో కాలంలో తిరగడాలో ఉండాలి. ఒకసారి అంగారకుడి మీద వరి పండించే నవల చదివితే, వత్సవాయి నుంచి వచ్చే రైతు అంతా విని, "నాట్లకి మనుషులు ఎక్కడ దొరికారంటండీ?" అని అడిగాడు. మా అభిప్రాయాలు ఇలాగే ఉంటాయి.

మాకో ఆచారం ఉంది. మాలో ఎవరైనా కథ రాస్తే పేరు తీసేసి వాట్సాప్‌లో పెడతారు. అందరూ మాట్లాడాకే రాసినవాళ్లు బయటపడాలి. అంతవరకూ వాళ్లు కూడా పరాయివాళ్లలా కూర్చుని సొంత కథను విమర్శించాల్సిందే.

పోయిన నెల పెట్టిన కథ నాది. జగ్గయ్యపేటలో బస్సెక్కినప్పటి నుంచీ ఒకటే గాభరా, దాని వెనకే పట్టరాని సంబరం. అసలు భయం మా అక్కతో. నందిగామలోనే తెలుగు టీచరు. గుంపులో అందరికంటే ఎక్కువ చదివేది, అందరికంటే తక్కువ మెచ్చుకునేది తనే. "కాలంలో ఎనక్కెళ్లడాలు, రోబోలు ప్రేమించుకోడాలు, ఒక్కటీ నమ్మబుద్ధి కాదు నాకు" అంటుంది. అయినా ఒక్క ఆదివారమూ మానదు. ఇన్నేళ్లలో తను "నమ్మాను" అన్న కథ లేదు. నాకు ఆ ఒక్క మాట కావాలి. ఏ బహుమతికంటే కూడా అదే కావాలి.

కథ ఇదీ. గరికపాడు చెక్‌పోస్టు దాటి తెలంగాణలో అడుగుపెడితే అక్కడ ఇంకా పదేళ్ల కిందటి కాలమే నడుస్తుంటుంది. ఒక కొడుకు సిమెంటు లారీ ఎక్కి అటు వెళ్లి, ఎప్పుడో చనిపోయిన తండ్రిని రోడ్డు పక్క దాబా హోటల్ దగ్గర కలుసుకుని, కలిసి టీ తాగుతాడు. ఆ తండ్రి లారీ డ్రైవరు. మా నాన్నా లారీ డ్రైవరే, పోయి ఏడేళ్లవుతోంది. పేటలో వీధికిద్దరు డ్రైవర్లుంటారు కాబట్టి నన్నెవరూ పట్టుకోలేరని నా ధీమా.

ఆ ఆదివారం మా గుంపులోని మిర్చి వ్యాపారి మొదలుపెట్టాడు. "అంతా బానే ఉందండి గానీ, లారీలో సిమెంటుంది కదా. బిల్లు మీద ఈ ఏడాది తేదీ ఉంటది. పదేళ్ల తర్వాతి బిల్లు చూసి అటుపక్కోళ్లు బండినెట్టా వదుల్తారండీ?"

అంతే. కాలం ఎందుకు చీలిందని ఒక్కరూ అడగలేదు. మేడంతా ఆ బిల్లు మీద పడింది. హైవే పక్కన పుట్టినవాళ్లం, కాలాన్ని వదిలేస్తాం గానీ కాగితం లేని లారీని వదలం. నాకా ఆలోచనే రాలేదు. కోర్టు గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయన ఇంకో మెలిక పెట్టాడు. "ఇక్కడ తీర్పొచ్చిన కేసు అక్కడ ఇంకా వెయ్యనే లేదన్నమాట. అట్టయితే మా ప్లీడర్లంతా గరికపాడులోనే కాపరం పెడతారు." కామిక్స్ గీసే డిగ్రీ అమ్మాయి ఊరుకోలేకపోయింది. "ఇది బొమ్మల్లో ఎయ్యాలండీ. పేజీ మధ్యలో చెక్‌పోస్టు గేటు, ఇటు రంగులు, అటు నలుపు తెలుపు" అంటూ అప్పటికప్పుడు ఫోన్లో గీసి చూపించింది. నాకు లేచి గంతెయ్యాలనిపించింది. నేనాడిన అబద్ధం కోసం ఇంతమంది ఇంత నిజంగా పోట్లాడుకుంటున్నారు మరి.

నా వంతు వచ్చింది. "వర్ణనలు ఎక్కువయ్యాయండి" అని సొంత బిడ్డను గిల్లి కూర్చున్నాను.

ఆఖరున అక్క. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"బిల్లు సంగతి నాకు తెలీదు. ఆ తండ్రి తన లారీ దిగాడు కదా. కొడుకు ఎదురుగా నిలబడున్నా సరే, ముందు బండి చుట్టూ తిరిగి టైర్లు తట్టి చూసుకున్నాడు. అక్కడ నమ్మేశా. ఆ తర్వాత కాలం ఎనక్కి నడుస్తుందన్నా నమ్మేశా."

అననే అంది. ఆనందం ఆపుకోలేక నవ్వేశాను. కానీ అక్క మాట ఇంకా పూర్తికాలేదు. ఆచారాన్ని పక్కనపెట్టి తిన్నగా నావైపు తిరిగింది.

"ఒక్కటే లోపం. టీ తాగగానే పంపించేశావేంట్రా నాన్నని? ఇంకాసేపు ఉంచొచ్చుగా."