ఒక్క ముద్దే తిన్నాను

ఆ ఆదివారం ఉదయం మా ఆయన పంపిన టమాటా క్రేటు వరండాలో అడ్డంగా ఉంటే, లోపల పెడదామని ఎత్తాను. ఎత్తగానే బొడ్డు పక్కన లోపలి నుంచి ఎవరో బొటనవేలితో తోసినట్టయింది. పెద్దగా నొప్పి లేదు. చీర జరిపి చూసుకుంటే నిమ్మకాయంత ఉబ్బు కనిపించింది. పడుకుంటే లోపలికి పోయింది, లేచి దగ్గితే మళ్లీ వచ్చింది. నమ్మకం కుదరక నాలుగైదుసార్లు పడుకుని, లేచి, దగ్గి చూసుకున్నాను. మా అబ్బాయి గుమ్మంలో నిలబడి ఏం చేస్తున్నావని అడిగితే వ్యాయామం అన్నాను. వాడు నమ్మలేదు. వాడు పుట్టిన తర్వాత నేను వ్యాయామం చేయడం ఎవరూ చూడలేదు మరి.

మాది మదనపల్లె. నా ఉద్యోగం పుంగనూరులో, ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా పని. మా ఆయన టమాటా మండీలో పనిచేస్తారు, తెల్లవారకముందే వెళ్లిపోతారు. ఇంటర్ చదివే కూతురు, ఎనిమిదో తరగతి కొడుకు, మా అత్త రెడ్డెమ్మ, ఇదీ మా ఇల్లు. పొద్దున వంట నాది, సాయంత్రం వంట అత్తది. పిల్లలకు దోసెలు పోసి, వాళ్లు వదిలేసిన ముక్కలు నిలబడే నోట్లో వేసుకుని, ఎనిమిదింటి బస్సుకు పరిగెత్తేదాన్ని. ఆ ముక్కల్ని ఏనాడూ తిండి కింద లెక్కేయలేదు. ఇద్దరు పిల్లలూ సిజేరియన్‌తోనే పుట్టారు. పెళ్లినాటికి యాభై రెండు కిలోలున్నదాన్ని, నలభై మూడేళ్లకు ఎనభై నాలుగయ్యాను.

మదనపల్లెలో సర్జన్ దగ్గరికి వెళితే స్కానింగ్ తీయించారు. "అంబిలికల్ హెర్నియా అమ్మా. కడుపు గోడ అక్కడ బలహీనమై లోపలిది బయటికి తోసుకొస్తోంది. మందులతో పోదు, ఆపరేషన్ చేసి అక్కడ మెష్, అంటే వల లాంటి గుడ్డ వేయాలి" అన్నారు. నేను ధైర్యం తెచ్చుకుని ఎప్పుడు చేరమంటారని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఇప్పుడు చేయను. మీ బీఎంఐ ముప్పై ఐదు, షుగర్ బార్డర్‌లో ఉంది. ఇంత బరువు మీద చేస్తే ఇన్‌ఫెక్షన్ రావచ్చు, హెర్నియా మళ్లీ రావచ్చు. ఓ పన్నెండు కిలోలు తగ్గి రండి. ఈలోగా ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి నొప్పి, వాంతులు వస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగొద్దు. పేగు ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది."

పక్క గదిలో డైటీషియన్ ఉన్నారు, చిన్నపిల్ల. ఏం తింటానో అంతా రాసుకుని, ఏదీ మానొద్దు, అన్నీ సగం చేయండి అని చెప్పింది. సాయంత్రం రెండు సంగటి ముద్దలు తింటానంటే "ఒకటి చేయండి మేడమ్" అంది. ఇంతేనా అనిపించింది. జిమ్మూ, పరుగులూ అంటుందేమోనని భయపడ్డాను.

ఇంటికొస్తూ మా ఆయనా నేనూ ఒక నిర్ణయం తీసుకున్నాం. అత్తకు చెప్పకూడదు. మా మామ కొన్నేళ్ల కిందట ఏదో చిన్న ఆపరేషన్ అని నడుచుకుంటూ ఆసుపత్రికి వెళ్లి, తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఆపరేషన్ అనే మాట వింటే చాలు, అత్త ఆ పూట అన్నం ముట్టదు. అందుకని బరువు తగ్గాలనుకుంటున్నాను, ఇకమీద నాకు ఒక్క ముద్దే పెట్టమని మాత్రం చెప్పాను.

"యాలమ్మా? దినమ్మూ బస్సులో పడి పోయొస్తాండావు. కడుపు మాడ్సుకుంటే యాడ నిలబడతావు?" అంది అత్త. నేను పట్టుబట్టాను. ఆమె నన్ను కిందికీ పైకీ ఒకసారి చూసి, సరే ఒకటే అని ఒప్పుకుంది.

మా ఇంట్లో సంగటి కట్టేది అత్తే. ఉడికిన అన్నంలో రాగిపిండి పోసి, కట్టెతో గట్టిగా గెలికి, చేతులు తడి చేసుకుని వేడివేడిగా ముద్దలు చుడుతుంది. పళ్లెంలో ముద్ద, దాని నడుమ గుంట, గుంటలో నెయ్యి, చుట్టూ పప్పు. పగలంతా ఫైళ్లూ జనమూ తిన్న ప్రాణం ఆ పళ్లెం చూడగానే లేచి వచ్చేది.

మొదటి నెల రెండు కిలోలు తగ్గాను. ఆఫీసులో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా. రెండో నెల అరకిలో పెరిగాను. మూడో నెల ఇంకో కిలో. డైటీషియన్ పిల్ల కాగితం పక్కన పెట్టి, మెల్లగా, మధ్యలో ఏమైనా తింటున్నారా, నిజం చెప్పండి, నేనేమీ అనుకోను అంది. నాకు ఒళ్లు మండింది. దొంగతిండి తినే మొహంలా కనిపిస్తున్నానా అనుకున్నాను. "ఒక్క ముద్దే తింటున్నాను. కావాలంటే మా ఇంటికొచ్చి చూడు" అన్నాను. థైరాయిడ్ టెస్టు చేయించారు, నార్మల్ వచ్చింది. థైరాయిడ్ లేనందుకు బాధపడినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆ తర్వాతి వారమే పుంగనూరు నుంచి వచ్చే బస్సులో నిలబడి ఉండగా బ్రేకు పడింది. కమ్మీని గట్టిగా పట్టుకున్నాను. ఉబ్బు ఒక్కసారిగా బయటికొచ్చి రాయిలా గట్టిపడింది. చెమటలు పట్టాయి. ఒక పెద్దామె తన సీటిచ్చింది, పక్కనున్నాయన లేచాడు. సిగ్గు వదిలేసి రెండు సీట్ల మీద వెల్లకిలా పడుకున్నాను. డాక్టరు చెప్పింది ఇదేనా, పిల్లలకు పొద్దున దోసెలెవరు పోస్తారు, ఈ రెండే తిరిగాయి బుర్రలో. మదనపల్లె ఊళ్లోకి వచ్చేసరికి నొప్పి సడలింది, ఉబ్బు దానంతటది లోపలికి జారింది. నేరుగా ఆసుపత్రికి పోయాను. స్కానింగ్ బాగానే ఉంది. కానీ సర్జన్ ఈసారి నవ్వలేదు. కుప్పంలో పెద్ద సర్జన్ ఒకరున్నారు, ఆయన అభిప్రాయం కూడా తీసుకోండి అని చీటీ రాసిచ్చారు.

కుప్పంలో మా చెల్లెలు గీత ఉంటుంది. ఆమెను తోడు తీసుకుని వెళ్లాను. ఆయన అన్నీ చూసి, "మళ్లీ ఇలా అయితే బరువుతో సంబంధం లేకుండా కోసేస్తాం. అది మీకు మంచిది కాదు, నాకు ఇష్టమూ లేదు. మూడు నెలలు టైమిస్తాను" అన్నారు.

మధ్యాహ్నం చెల్లెలింట్లో భోజనానికి కూర్చున్నాం. సంగటే చేసింది. నా పళ్లెం చూసి, ఇదేంటే, చిన్నపిల్లలకు పెట్టినట్టు పెట్టావు అన్నాను.

"మామూలు ముద్దే గదక్కా. మా ఆయన గూడా ఇదే తింటాడు. మీ ఇంట్లో యామాత్రం ఉంటాది?" అంది గీత.

చూపిద్దామని రెండు చేతులూ దగ్గరికి తెచ్చాను. మధ్యలోనే ఆగిపోయాను. నా చేతుల నడుమ మంచి టెంకాయ పట్టేంత చోటుంది. గీత నా చేతుల్ని చూసింది, నా మొహం చూసింది. "అది ఒగటి గాదక్కా, రెండున్నర" అంది. ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం. నవ్వుతూ నవ్వుతూ నేను ఏడ్చేశాను.

కుప్పం నుంచి పలమనేరు వచ్చేసరికి ఏడుపు పోయి కోపం వచ్చింది. పుంగనూరు దాటేసరికి ఆ కోపం అత్త మీద స్థిరపడింది. ఇంటికి చేరేటప్పటికి ఆరున్నర. వంటింట్లో సంగటి కట్టడం అయిపోయింది. నా ముద్ద తీసుకుపోయి మా ఆయన చేతిలో పెట్టి, ఎంతుందో చెప్పమన్నాను. రోజూ టమాటాలు ఎత్తీ దించీ ఆయన అరచేయి తక్కెడలా తయారైంది. ఒకసారి తూచి, ఏడు నూర్ల గ్రాములు ఉంటుందన్నారు. ఆశ్చర్యం మాత్రం పడలేదు.

తెలుసా అని అడిగాను.

"తెలుసు. అమ్మ ఒక్కో వారం ఇంతింత పెంచుతా వచ్చింది. యాల పెంచుతాండావని నేనడిగితే, యాల పెంచగూడదని ఆమె అడుగుతాది. అప్పుడు ఆపరేషన్ మాట సెప్పాల్సొస్తాది గదా" అన్నారు.

ఆయన మీద అరుద్దామని నోరు తెరిచాను. కానీ నిజం ఒప్పుకోవాలి. ఆ ముద్ద నా పళ్లెంలోనే పెరిగింది, నా కళ్ల ముందే పెరిగింది. లెక్క ఒకటే కదా అని చూసీ చూడనట్టు నేనే తినేశాను. ఎవరైనా అడిగితే ఒక్క ముద్దే అని గట్టిగా చెప్పే హక్కు నాకు కావాలి, కడుపూ నిండాలి. రెండూ జరుగుతుంటే నాకు అనుమానం ఎందుకొస్తుంది?

వంటింట్లోకి వెళ్లి అత్త పక్కన కింద కూర్చున్నాను. ఒకటే పెట్టమన్నాను కదా అన్నాను. ఒకటే పెడుతున్నాను కదా అంది, ఏ మాత్రం తడబడకుండా. తర్వాత చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ చెప్పింది.

"నేను కోడలుగా వచ్చినప్పుడు మనోళ్లు తంబళ్లపల్లె కాడ పల్లెలో ఉండిరి. పదిమందికి పెట్టినాక సట్టి గోకితే యెంతొస్తే అంతే నా ముద్ద. అది గూడా లేని దినాలు ఉండె. నా కోడలు ఆకలితో పండుకోగూడదని ఆపొద్దే అనుకుంటినమ్మా."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆమె చేయి తీసుకుని నా కడుపు మీద పెట్టుకుని దగ్గాను. ఉబ్బు ఆమె అరచేతికి తగిలింది. హెర్నియా గురించి, బస్సులో జరిగిన దాని గురించి, బరువు తగ్గితేనే క్షేమంగా ఆపరేషన్ చేస్తామన్న దాని గురించి అన్నీ చెప్పాను. ఆమె చాలాసేపు చేయి తీయలేదు.

ఎప్పటి నుంచి అని అడిగింది. నాలుగు నెలలన్నాను.

"నాలుగు నెల్లుగా నేను దీన్ని మేపుతాండానా?" అంది.

అత్త తప్పేమీ లేదు. ఆమెకు చెప్పకుండా ఆమె చేతి తిండితో జబ్బు తగ్గించుకుందామనుకున్నది నేను.

నేను భయపడినట్టే ఆ పూట అత్త అన్నం ముట్టలేదు. కానీ మర్నాడు సాయంత్రం పెరుగు తోడేసే చిన్న స్టీలు గిన్నె తీసింది. దాన్ని నీళ్లతో తడిపి, సంగటి నింపి, పైన చదును చేసి, నా పళ్లెంలో బోర్లించింది. మా అమ్మాయి తూచి చూస్తే రెండు వందల యాభై గ్రాములు. ఇక ఈ గిన్నె దాటేది లేదంది అత్త. ఆ వారంలోనే ఇంకో సంగతి కూడా బయటపడింది. పొద్దున నేను బస్సు హడావుడిలో ఉంటే నా మధ్యాహ్నం బాక్సు కట్టేది అత్తే. అందులో కూడా అన్నాన్ని గరిటెతో అదిమి అదిమి పెట్టేదట. బాక్సు ఒకటే కదా! దానికి బదులు చిన్న బాక్సు వచ్చింది. పిల్లలు వదిలేసే దోసె ముక్కలు పక్కింటి ఆవుకు పోయాయి.

మొదటి పది రోజులు ఆకలికి నేను ఇంట్లో అందరినీ కసురుకున్నాను. అత్త మారు మాట్లాడకుండా ఆకుకూర పప్పు, బీన్స్ తాళింపు ఎక్కువ చేసి పెట్టేది. తర్వాత కడుపుకు ఆ గిన్నె అలవాటైంది. అంగళ్లు అనే ఊళ్లో ఒక పెళ్లికి వెళితే, నేను రెండో లడ్డు అందుకోబోతుంటే ఎదురు వరుసలో కూర్చున్న అత్త తినడం ఆపి నా వైపే చూసింది. లడ్డు వద్దని చేయి అడ్డం పెట్టాను. డైటీషియన్ పిల్ల ఈమె ముందు ఏ మూలకూ రాదు. మామిడిపండ్ల కాలంలో మాత్రం ఇద్దరం జారిపోయాం. ఒక కిలో పెరిగాను. అప్పటి నుంచి మామిడిపండు ముక్కలు కూడా ఆ గిన్నెలోకే వచ్చాయి.

మూడు నెలలకు డెబ్భై ఏడుకొచ్చాను. కుప్పం సర్జన్ సంతోషించి, ఉబ్బు ఇబ్బంది పెట్టడం లేదు కనుక ఇంకో రెండు నెలలు ఇలాగే సాగమన్నారు. ఆ రెండు నెలలకు డెబ్భై మూడుకు రాగానే, చాలు, చేరండి అన్నారు.

ఆపరేషన్ రోజు వద్దన్నా వినకుండా అత్త కూడా కుప్పం వచ్చింది. థియేటర్ బయట ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. నన్ను లోపలికి తీసుకుపోతుంటే నా కాలి బొటనవేలు పట్టుకుని వదిలింది. మామ గుర్తొచ్చి ఉంటాడు. ల్యాపరోస్కోపీలో మెష్ వేశారు. సాయంత్రం సర్జన్ వచ్చి, "లోపల కొవ్వు తగ్గింది కాబట్టి నా పని సులువైంది" అని, నా వైపు కాకుండా అత్త వైపు తిరిగి, "మీ కోడలు బాగుంది పెద్దమ్మా" అన్నారు. అత్త అప్పుడు ఏడ్చింది. ఆమె ఏడుస్తుంటే నాకు ప్రాణం హాయిగా ఉంది.

డిశ్చార్జ్ అయ్యాక నాలుగు రోజులు గీత ఇంట్లో ఉన్నాం. గట్టి తిండి తినొచ్చన్న రోజు అత్త తనే సంగటి కట్టి, సంచిలోంచి తువ్వాలు చుట్టిన పెరుగు గిన్నె తీసింది. గీత ఇంట్లో గిన్నెలు లేవా అని నేను నవ్వితే, వీళ్ల గిన్నెలు ఏ కొలతో తనకేం తెలుసు అంది.

ఇది జరిగి ఏడాది దాటింది. ఇప్పుడు డెబ్భై కిలోల దగ్గర ఉన్నాను. షుగర్ నార్మల్‌కు వచ్చింది. బరువులు ఎత్తను, టమాటా క్రేటు మా అబ్బాయే ఎత్తుతాడు. బస్సులో పుంగనూరు దాకా నిలబడి పోగలను. అత్త కూడా అదే గిన్నెతో తన ముద్ద కొలుచుకుంటోంది, మోకాళ్ల నొప్పి కొంచెం తగ్గిందంటుంది. ఒకప్పుడు అందరూ తిన్నాక కూర్చునేది. ఇప్పుడు నేను ఇల్లు చేరగానే ఇద్దరి పళ్లేలూ పక్కపక్కన పెడుతుంది. సట్టిలో మిగిలింది గోకి తినడం లేదు, పొద్దున మజ్జిగ కలిపి అంబలి చేస్తున్నాం.

బరువు తగ్గాలనుకునే వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ముద్దలు లెక్కపెట్టకండి, ఒక గిన్నె పెట్టుకుని కొలవండి. ఆ గిన్నె ఎందుకో మీకు వడ్డించే మనిషికి మొదటి రోజే చెప్పండి. అత్తకు చెప్పకుండా దాచిన నాలుగు నెలల్లో నేను తగ్గింది అరకిలో. మిగతాదంతా ఆమె తగ్గించింది.