ఆమెన్ దొరకని ప్రోగ్రాము

బైబిల్లో గాడిద చేత కూడా మాట్లాడించిన దేవునికి స్తోత్రం. ఆయన నా చేత ఈ కథ రాయించడంలో వింతేమీ లేదు. ఆ గాడిదకైనా దారిలో ప్రమాదం కనిపించింది. నాకు అదీ కనిపించలేదు.

ఎనభైల మొదట్లో నేను ఒక సర్కారు కంపెనీ కంప్యూటరు సెక్షన్‌లో చిన్న ఉద్యోగిని. ప్రోగ్రామింగు ఎవరైనా నేర్చుకోగలరని, ఎవరు ఎక్కడ తడబడుతున్నారో కనిపెడితే చాలని నా నమ్మకం. అందుకే సైదాబాద్‌లో మా చర్చి హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు క్లాసు పెట్టి, అందరి తప్పులూ నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. కంప్యూటరు లేదు కాబట్టి మనుషులే కంప్యూటరు. బోర్డు మీది అడుగుల ప్రకారం నడవాలి, సొంత తెలివి వాడకూడదు. ఈ నియమం అందరికంటే నాకే బాగా వంటబట్టింది.

బోర్డు మీది అడుగులు చూపిస్తూ ఆసుపత్రి ఆయా యేసమ్మ ఎప్పుడూ ఒకటే ప్రశ్న అడిగేది.

"బాబూ, గిది ఆగుడెట్ల?"

"విశ్వాసం ఉంచమ్మా, అదే ఆగుతది."

ఆమె చూస్తుండగానే నోటుబుక్కులో రాశాను: యేసమ్మ, మందబుద్ధి.

ఒక ఆదివారం మా ఆఫీసరు వచ్చారు. క్లాసు నచ్చితే వారానికి ఒక గంట ఆఫీసు కంప్యూటరు మాకిస్తారు. నచ్చకపోతే క్లాసు బంద్.

"అర్ధగంటే ఉంట. చాంద్రాయణగుట్టల పెండ్లికి పోవాలె," అన్నారు.

రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవకూడదంటారు. నేను ఆఫీసరు తల కూడా పెట్టించాను. ప్రార్థననే ప్రోగ్రాముగా బోర్డు మీద రాశాను: ఒకటి, కళ్లు మూయాలి. రెండు, ఒకరు మనవి చెప్పాలి. మూడు, ఇంకా మనవి ఉంటే రెండుకు పోవాలి. నాలుగు, ఆమెన్, కళ్లు తెరవాలి.

మొదలైంది. కొడుకు పరీక్ష, అత్త మోకాళ్లు, ఇంటాయన కోపం, మేక కాలు. ఒకరి మనవి వింటే ఇంకొకరికి రెండు గుర్తొచ్చాయి. పత్తర్‌గట్టిలో కుట్టుమిషను నడిపే ఖాజా భాయ్, "దువా ఎక్కడైనా దువానే భాయ్," అంటూ మూడోసారి అందుకున్నాడు. గంట దాటింది. గొర్రెలమంద దడి లోపలే గుండ్రంగా తిరుగుతోంది, కాపరి నేనే.

"ఇంకెంతసేపయ్యా?" అని ఆఫీసరు గొణిగారు, కళ్లు మూసుకునే.

"మనవులు అయిపోయేదాంక సార్."

"మనుషులకు మనవులు ఎప్పుడయిపోతయయ్యా?"

"గదే అడిగిన సారూ," అంది యేసమ్మ, తనూ కళ్లు తెరవకుండానే. "నాకు మందబుద్ధి అని రాసుకున్నడు." తర్వాత చేతులు జోడించింది. "ప్రభువా, తలకు ఒక్కటే మనవి అని రాసే బుద్ధి గీ బాబుకియ్యి."

"ఆమెన్," అని అందరికంటే ముందు అరిచింది ఆఫీసరే. ఆయన ఎన్నడూ చర్చి గడప తొక్కినవారు కాదు.

కళ్లు తెరిచి, నోటుబుక్కు లాక్కుని చదివారు. యేసమ్మ పేరు కొట్టేసి, పక్కన నా పేరు రాశారు.

"కంప్యూటరు ఇస్తున్న. కానీ పాఠం ఆమె చెప్తది. నువ్వు ముందు బెంచీల కూసో."

పెళ్లిభోజనం దక్కలేదని ఆయన నన్ను ఏడాదిపాటు సాధించారు. ఎక్కడ ఆగాలో అడిగిన మనిషిని ఇక జన్మలో మందబుద్ధి అననని ఆ బెంచీ మీదే ప్రమాణం చేశాను.

చదివినవారలారా, నాతో కలిసి ప్రార్థించండి. తలకు ఒక్కటే మనవి. ఆమెన్.