నేను కొలవని రెండు కొలతలు

ఈరోజు ఆదివారం. మాగాయ ముక్కలు మేడ మీద ఎండకి పెట్టాను. రెండు దుప్పట్లు ఉతికాను. బియ్యం డబ్బా కడిగి బోర్లించాను. ఇక మిగిలింది ఇది రాయడమే...

మా చిన్నప్పుడు నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్లే రోడ్డు మీద నాన్నకి లేత్ షాపు ఉండేది. వెనకే మా ఇల్లు. వేసవి వస్తే మామిడితోటల మోటార్లన్నీ మా వాకిట్లోనే...

మోటారు కవర్లో బేరింగు కూర్చునే గుంట అరిగిపోతే, నాన్న అందులో ఇనుప గొట్టం లాంటి బుష్ వేసి, లేత్ మీద మళ్లీ సైజుకి తీసేవారు. ఆ గుంట లోపలి వెడల్పుకి ఆరు కొలతలు. అంచున, మధ్యలో, అడుగున... ఒక్కోచోట నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి. కాలిపర్ కాళ్లు గోడలకి తగిలీ తగలనట్టుండాలి. తర్వాత ఆ కాళ్ల మధ్య దూరం మైక్రోమీటరుతో చూసి నోటుబుక్కులో రాయాలి. "కంటికి కాదు, వేలికి తెలియాలి" అనేవారు.

నా ఐదో తరగతి సెలవుల్లో నాన్న చూపుడువేలు తెగింది. అప్పటికే నాకు నేర్పారు కాబట్టి కొలతలు నాకప్పగించారు.

ఆ రోజు బాపులపాడు నుంచి ఓ రైతు వచ్చాడు. "కాయ ఊరే రోజులు మేస్త్రీ. మూడు రోజులైంది తడిపెట్టి. చెట్ల కింద రాలిన కాయ చూస్తే కడుపు తరుక్కుపోతోంది."

నాన్న సైజుకి తీసిన అతని కవర్లో నాలుగు కొలిచాను. నాలుగూ ఒకటే అంకె. అంతలో గాలి లేచింది... పక్కింటి పిల్లలు సంచులు పట్టుకుని రాలిన కాయల కోసం పరిగెడుతున్నారు. అడుగున కొలవకుండానే ఆ రెండు చోట్లా అదే అంకె వేసేసి, చెప్పుల కోసం వెతుకుతున్నాను.

నాన్న బేరింగు పెట్టి, పైపు ఆనించి సుత్తితో తట్టారు. సగం దిగి ఆగింది. ఇంకో రెండు దెబ్బలు...

టప్పుమంది. పోత ఇనుము కవరు అంచు నుంచి నిలువునా చీలింది.

"పాత పోత కదా మేస్త్రీ, నువ్వేం చేస్తావులే" అని రైతు బయటికెళ్లి అరుగు మీద కూలబడ్డాడు.

నాన్న ఎడంచేత్తో కాలిపర్ అడుగుదాకా దించి చూశారు. అక్కడ గుంట ఇరుకు. నోటుబుక్కు చూశారు. నా వైపు తిరిగి, నెమ్మదిగా అడిగారు.

"కొలిచావా, రాశావా?"

"రాశాను నాన్నా."

ఆయన బయటికెళ్లి, "పోత తప్పు కాదండీ. నా కొలత తప్పు" అన్నారు. మా ఇంటి బావి మోటారు విప్పి, రైతు మోటారుకి పెట్టడానికి దాని కవరు తీసుకొచ్చారు. అంతకంటే పెద్ద దెబ్బ... కాలిపర్ మళ్లీ నా చేతికే ఇవ్వడం.

"ఆరూ" అన్నారు. అంతే.

మాకు వేరే కవరు దొరికేదాకా అమ్మ చేంతాడుతో తోడింది. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ తోటల్లో మాత్రం, "మేస్త్రీ కొలత కూడా తప్పుతుందన్నమాట" అని చాన్నాళ్లు నవ్వుకున్నారు. నాన్న దిద్దలేదు. నేనూ నోరు విప్పలేదు.

ఇప్పుడు గేజి పెడితే అంకె దానంతటదే కనబడుతుందట... కొలిచావా అని అడిగేవాళ్లే లేరు. మీ తప్పుని మీ ఇంట్లో ఎవరైనా ఇలా తమ మీద వేసుకున్నారా? ఉంటే కింద రాయండి.

ఇన్నేళ్లూ నాన్న పేరు మీద ఉన్న ఆ రెండు కొలతల్నీ ఇవాళ నా పేరు మీదకి మార్చుకున్నాను. బాకీ తీరింది.