గవర్రాజుకు లేని జబ్బు లేదు

గాజువాకలో ఎవరికి ఏ జబ్బు వచ్చినా, అది గవర్రాజుకు అప్పటికే ఉండేది. పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి, దుక్కలా ఉండేవాడు. అయినా ఎవరైనా మోకాలు పట్టుకుంటే చాలు, "నాకూ ఉన్నాది" అని కుంటడం మొదలుపెట్టేవాడు. పక్కింటి కోడలు నెల తప్పి వాంతులు చేసుకుంటే, చింతకాయ చప్పరిస్తూ "నాకూ ఉన్నాదమ్మా" అన్నాడు. వీధి వీధంతా పడీ పడీ నవ్వింది.

ఎదురింటి నాగమణి కొడుకు సందీప్ మాత్రం అప్పటికే నవ్వడం మానేశాడు. వాణ్ణి గంజాయి పట్టుకుంది. ఆస్పత్రికి వెళదామని తల్లి కాళ్లావేళ్లా పడేది. ఎవరైనా చూస్తే పరువు పోతుందని, పోలీసులకు చెబుతారని వాడికి హడలు.

ఒక సాయంత్రం వాడు టీ బడ్డీ దగ్గర ఓ మూల నిలబడి ఉండగా, సరిగ్గా గంజాయి మీదే వాదన లేచింది.

"గంజాయి తాగినోల్లందర్నీ జైల్లో తొయ్యాల," అని రమణమూర్తి బల్ల గుద్దాడు.

"జైలుకెల్తే రోగం తగ్గుతాదేటి? మందిప్పించాల," అన్నాడు కామరాజు. "నువ్వేటంతావు, గవర్రాజు బావా?"

గవర్రాజు గ్లాసు కింద పెట్టి నిట్టూర్చాడు. "నాకూ ఉన్నాది."

టీ కలిపేవాడు చెంచా పట్టుకునే ఇటు తిరిగాడు.

"నువ్వు బీడీ కూడా ముట్టవు కదా బావా!" అన్నాడు రమణమూర్తి.

"అందుకే ఎవులికీ తెలీలేదు. సెప్పు, నన్నెప్పుడు తోత్తావ్ జైల్లోకి?"

రమణమూర్తి గొంతు తగ్గించాడు. "నిన్నెందుకు తోత్తాం బావా... ముందు ఆస్పత్రికెల్లు."

"ఒక్కణ్నీ ఎల్లలేను. ఒరే సందీపూ, తోడు రారా."

ఆస్పత్రిలో పేషెంటెవరని డాక్టరు అడిగితే గవర్రాజు, "ఇద్దరం బాబూ. మందులు మాత్రం ఆడికి రాయండి, నాకు పడవు," అన్నాడు. సందీప్ ఎన్నాళ్లకో నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చేశాడు కూడా.

మధ్యలో వాడు ఒకసారి మళ్లీ గంజాయి ముట్టాడు. "నాకూ తిరగబెట్టిందిరా" అంటూ గవర్రాజు మళ్లీ బయలుదేరదీశాడు. ముసలాయనకు తోడు వెళ్లే బంగారం లాంటి కుర్రాడని వీధి సందీప్‌ను మెచ్చుకుంది. పిల్లలను మాత్రం "సెడితే గవర్రాజులా అయిపోతావ్" అని బెదిరించేవారు. అది విని ఆయన మీసం దువ్వుకునేవాడు.

"మీ నాన్నకి టీబీ వొచ్చినప్పుడూ ఇంతేరా," అంది నాగమణి. "ఈది పొడుగునా తనూ దగ్గుకుంటా ఆయన్ని తీసుకెల్లాడు."

ఆ బడ్డీ చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు. గవర్రాజు అనకాపల్లిలో కూతురి దగ్గర కొత్త జబ్బులతో హాయిగా ఉన్నాడు. ఆ కొట్టు ముందు నుంచి వెళితే సందీప్‌కు ఇంకా అల్లం టీ వాసన వచ్చినట్టే ఉంటుంది.

సందీప్ గంజాయి పూర్తిగా మానేసి, ఇప్పుడు అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ పని చేస్తున్నాడు. మొన్న తనతో పనిచేసే నరేష్ క్యాంటీన్ వెనక ఒంటరిగా కూర్చుని కనిపించాడు.

"గంజాయి మానలేకపోతన్నాను బావా. ఆస్పత్రికెల్దామంటే సిగ్గు."

సందీప్ క్యారేజీ మూసి, ముఖం వేలాడేసుకుని పక్కన కూర్చున్నాడు.

"నాకూ ఉన్నాది బావా. ఒక్కణ్నీ ఎల్లలేను, తోడు రా."