పెన్సిళ్ల బతుకమ్మ

విజయవాడ హైవేను మా లచ్చమ్మ ఒక్కతే మూసేసింది. టైరు కాల్చలేదు, రాయి అడ్డం పెట్టలేదు, ఒక్క నినాదం ఇవ్వలేదు. అయినా ఆ రోజు ఎల్బీనగర్ చౌరస్తా దాటి ఒక్క లారీ కూడా కదల్లేదు.

సరే, లారీలు కదిలాయి. చిన్నప్పుడు మా కాన్వెంటు సిస్టర్లు అబద్ధమాడితే నాలుకకు సబ్బు రాసేవారు. ఆ రుచి ఇంకా గుర్తుంది కనుక ఉన్నమాటే చెబుతాను. లచ్చమ్మ హైవేను మూయలేదు. ఆ దారిన వెళ్లిపోవలసిన ఒకే ఒక్క మనిషిని ఆపాలని చూసింది. అదీ పెన్సిళ్లతో, కాగితం పూలతో.

లచ్చమ్మ మా ఇంటి కింది అంతస్తులో నడిచే చిన్న ప్రైవేటు బడిలో ఆయా. నల్గొండ జిల్లా పల్లెటూరి మనిషి. భర్త మట్టయ్య దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మధ్య షేర్ ఆటో నడిపేవాడు. ఆమె మా గల్లీలో "ఒరేయ్" అని కేకేస్తే చైతన్యపురి హాస్టళ్లలో కుర్రాళ్లు మంచాల మీద లేచి కూర్చునేవారు. అదే గొంతుతో, ఏడ్చే ఎల్కేజీ పిల్లల్ని ఎలా నిద్రపుచ్చేదో నాకిప్పటికీ తెలియదు.

ఒకటో తరగతి చెప్పే కుసుమకుమారి టీచరుది తెనాలి దగ్గర ఊరు. ఆమె భర్త ప్రసన్నకుమార్ ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేవాడు. మధ్యాహ్నం పూట టీచరూ ఆయా మెట్ల కింద కూర్చుని డబ్బాలు విప్పేవారు. వాళ్ల మాటలు నేరుగా మా వంటగది కిటికీలోకి వచ్చేవి.

"ఏంది టీచరమ్మా, ఇయ్యాల గూడ గా గోంగూరనేనా? కడుపుల అగ్గి పుడ్తలేదా నీకు?"

"మరి రోజూ నా డబ్బాలో చెయ్యి పెట్టేది ఎవరే? దెయ్యమా?"

"రుచి జూస్తున్న. నీకేమన్న అయితె మల్ల నన్నే అడుగుతరు గద."

ఇద్దరూ పగలబడి నవ్వేవారు. పైన నా భార్య కూడా నవ్వేది, పప్పు మాడేది.

తర్వాత 2011లో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి. బడులు మూతపడ్డాయి. దసరా సెలవులూ సమ్మె సెలవులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. లచ్చమ్మ రోజూ దీక్షా శిబిరంలో కూర్చునేది. ఎల్బీనగర్ రోడ్డు మీద వంటావార్పు జరిగిన రోజున అందరితో పాటు పొయ్యి పెట్టింది. అక్కడ వండిన వంకాయ కూర డబ్బాలో పెట్టుకుని, తిన్నగా కుసుమ టీచర్ ఇంటికి పోయి ఇచ్చింది. అందులో ఆమెకు వింతేమీ కనపడలేదు.

డబ్బా కడిగి ఇస్తూ కుసుమ టీచర్ అడిగింది.

"లచ్చమ్మా, మట్టయ్య ఎక్కడైనా ఖాళీ అట్టపెట్టెలు తేగలడేమో కనుక్కుంటావా? కాస్త పెద్దవి."

కోచింగ్ సెంటర్ మూతపడి ఉంది. ప్రసన్నకుమార్‌కు విజయవాడలో ఉద్యోగం వచ్చేలా ఉంది. వాళ్లను ఎవరూ పొమ్మనలేదు. కానీ పాలు పోసేవాడు నవ్వుతూ అడిగాడట, "మరి మీరెప్పుడు?" అని. పక్కింటావిడా నవ్వుతూనే అడిగిందట. కోపంగా అడిగితే ఏదో ఒకటి అనొచ్చు. నవ్వుతూ అడిగితే ఏమనాలో తోచదు. బడి తెరిచిన రోజున వచ్చి, పిల్లల్ని ఒకసారి చూసుకుని, ప్రిన్సిపాల్‌కు చెప్పి వెళ్లిపోవాలని ఆమె నిశ్చయం.

ఈ సంగతంతా లచ్చమ్మ మా మెట్ల మీద కూర్చుని చెప్పింది.

"ఉండమని అడగకపోయావా?" అన్నాను.

"ఎట్ల అడుగుత పెద్దసారూ? దినాం టెంటుల కూసుంటున్న. నేను ఉండమంటె నమ్ముతదా?"

"అసలు నీకేం కావాలి? అది చెప్పు."

"తెలంగాణ రావాలె," అంది వెంటనే. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "టీచరమ్మ పోవద్దు."

బడి తెరుస్తారని తెలియగానే ఆమె ప్రిన్సిపాల్ అంతయ్య సారు మీద పడింది. "పోరగాండ్లు ఇన్ని దినాలు ఇంట్ల ఉన్నరు సారూ. బడంటె బుగులుపడ్తరు. చేతుల ఏదన్న పెట్టాలె." పంద్రాగస్టుకు పంచుదామని తెచ్చి మరిచిపోయిన పెన్సిళ్లు బీరువాలో ఉన్నాయి. ఆయన తాళంచెవి ఇచ్చేశాడు. ఆమె గొంతుకు అంత దగ్గరగా నిలబడి కాదనగలవాడు మా పేటలో పుట్టలేదు.

ఊరేగింపులు పోయాక గల్లీలో మిగిలే గులాబీ, పసుపు, తెలుపు కరపత్రాలను ఏరుకొచ్చింది. అచ్చు లోపలికి పోయేట్టు మడిచి పూలు చేసింది. పసుపు కాగితం తంగేడైంది. తెల్ల కాగితం అంచులు సన్నగా చీలిస్తే గునుగైంది. మైదాపిండి ఉడికించిన బంకతో పెన్సిలుకో పువ్వు అతికించింది. పాత చీరల ముక్కల్లో పేలికలు కూరి టీచర్లకు తలా ఒక డస్టర్ కుట్టింది. కుడుతుంటే సూది గుచ్చుకుని మూసీ పారినంత రక్తం కారింది. పోనీ, ఒక చుక్క.

బడి తెరిచే రోజు పొద్దున ఇత్తడి తాంబాళంలో తడి ఇసుక గుట్టగా పోసింది. పెన్సిళ్లను చుట్టూ వరుస మీద వరుసగా గుచ్చింది. పూలన్నీ బయటికి విచ్చుకుని, కిందినుంచి పైకి సన్నబడుతూ అచ్చం బతుకమ్మ తయారైంది. శిఖరాన పసుపు గౌరమ్మ ఉండవలసిన చోట, కుసుమ టీచర్ కోసం కుట్టిన పసుప్పచ్చ డస్టర్ పెట్టింది. పిల్లలు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతున్నారు.

కుసుమ టీచర్ గుమ్మంలో ఆగిపోయింది. నేను మెట్ల మీద నుంచి చూస్తున్నాను. ఆమె మొహంలో సంతోషం కోసం వెతికాను. లేదు.

"ఇంత ముచ్చటగా సాగనంపాలా నన్ను?" అంది.

"గదేంది టీచరమ్మా?"

"బతుకమ్మను పేర్చేది నీళ్లలో వదలడానికే కదా. కిందటేడు సరూర్‌నగర్ చెరువుకు నువ్వే తీసుకెళ్లి చూపించావు. ఆడి, పాడి, చెరువులో వదిలి అందరూ ఇళ్లకొచ్చేశారు. అర్థమైందిలే లచ్చమ్మా."

లచ్చమ్మ తాంబాళం వైపు చూసింది. ఊహ తెలిసినప్పటి నుంచీ పేరుస్తున్న మనిషి. ప్రేమున్న చోట పూలు పేర్చాలని తప్ప ఆమెకు మరొకటి తెలియదు. చివర ఒక చెరువు ఉంటుందన్న సంగతి, ఆ పూలు మడిచినన్నాళ్లూ ఆమెకు తట్టనే లేదు.

గభాలున ఒక పెన్సిలు ఊడబెరికి ఎదురుగా ఉన్న పిల్ల చేతిలో పెట్టింది. "గిది నీళ్లల్ల ఏసేది గాదు! పంచేది! జర నువ్వు గూడ అందుకో టీచరమ్మా, ఒక్కదానితోని గాదు."

పిల్లలు మీద పడుతుంటే టీచరన్నవాళ్లు చేతులు కట్టుకుని నిలబడలేరు. కుసుమ టీచర్ అందుకుంది. వరుస వరుసా విప్పి పంచుతూ పోయారు. అంతా అయ్యాక మొదలైంది అసలు గోల.

"టీచర్, నాది రాస్తలేదు!"

"టీచర్, నాది కూడా రాయట్లేదు!"

అన్నీ చెక్కని పెన్సిళ్లే. తరగతి మొత్తానికి ఉన్నది ఒక మొద్దుబారిన మెండర్. కుసుమ టీచర్ కుర్చీ లాక్కుని చెక్కడం మొదలుపెట్టింది. లచ్చమ్మ బ్లేడు పట్టుకుని పక్కన చతికిలబడింది. టీచర్ ఒడి నిండా చెక్కపొట్టు.

"ఒక్కటైనా చెక్కి ఉంచలేదేమే?"

"యాదికి రాలే."

"అబద్ధం."

లచ్చమ్మ ఇంకో పెన్సిలు చెక్కింది. తర్వాత తల ఎత్తకుండానే, జీవితంలో మొదటిసారి మెల్లిగా మాట్లాడింది.

"పోకు టీచరమ్మా. నువ్వు లేకుంటె నాకు మంచిగుండదు."

కుసుమ టీచర్ చేతిలో మెండర్ ఆగింది.

"ఆ బ్లేడు ఇటివ్వు," అంది చివరికి. "వేలు తెగుతుంది. మిగతావి రేపు చెక్కుదాం."

సాయంత్రం బెల్లు కొట్టాక ఆమె అంతయ్య సారు గది ముందు నుంచే నడిచి వెళ్లింది. ఆగలేదు. మర్నాడు వస్తూ కొత్త మెండర్ కొనుక్కొచ్చింది. కోచింగ్ సెంటర్ తెరిచారు. ప్రసన్నకుమార్ మళ్లీ లెక్కల్లో పడ్డాడు. తెలంగాణ వచ్చిన రోజున లచ్చమ్మ మొదటి లడ్డూ పెట్టింది ఎవరి నోట్లోనో వేరే చెప్పను.

మొన్న ఇదంతా లచ్చమ్మకు చదివి వినిపించాను. తల వంచుకుని చివరిదాకా విన్నది.

"అయిపోయిందా?"

"అయిపోయింది. ఎట్లా ఉంది?"

"అన్నీ ఉత్తముచ్చట్లే పెద్దసారూ. టీచరమ్మ ఎన్నడు పోతనన్లే, నేనెన్నడు ఆపలే. అసలు నాకు బతుకమ్మ పేర్చుడే రాదు."